చెకింగమ్మ వీసీఆర్

ఆదివారం పొద్దున పెద్దకొడుకు వచ్చాడు. తల్లి కుర్చీ లాగి చూపించినా కూర్చోలేదు. రేపు మధ్యాహ్నం నుంచి పాత ప్రసారాలు ఆపేస్తారనీ, ఆ తర్వాత అంతా డిజిటలేననీ, అమ్మ టీవీ ఇక పూలకుండీ పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదనీ నిలబడే చెప్పాడు. దాని కింద ఉన్న వీసీఆర్ పూలకుండీకి కూడా పనికిరాదట. ఎత్తు చాలదు.

అతను టీవీలు అమ్మే షోరూంలో మేనేజరు. టీవీల విషయంలో అతను చెప్పినదాంట్లో అబద్ధం ఉండదు. తల్లికి ఆ సంగతి తెలుసు. కాఫీ గ్లాసు చేతికిచ్చి, "కూర్చుని చెప్పు. నిలబడి చెబితే ఫుట్‌బోర్డు మీద కబుర్లలా ఉంటుంది" అంది.

ఆవిడ ముప్పై ఏళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసింది. రిటైరై చాలాకాలమైనా వీధిలో ఆవిడ పేరు చెకింగమ్మే. టికెట్ లేనివాడు ఏడ్చినా, తిట్టినా, ఎవరెవరి పేర్లో చెప్పినా ఫైను రాసిగానీ బస్సు దిగేది కాదు. కాలేజీ రోజుల్లో పెద్దకొడుకే ఒకసారి స్నేహితులతో సహా దొరికిపోయాడు. "అమ్మా" అన్నాడు మెల్లగా. "బస్సులో అమ్మ లేదు, టికెట్ తియ్యి" అంది. అందరికీ రాసినట్టే అతనికీ రాసింది. ఆ సంగతి ఆవిడ ఎక్కడా చెప్పలేదు, అతను కలలో కూడా చెప్పడు. అయినా వీధి మొత్తానికి తెలుసు.

అతను కూర్చున్నాడు. అసలు విషయానికి వచ్చాడు.

చిన్నకొడుకు పోయి నాలుగో ఏడు నడుస్తోంది. అప్పటినుంచీ చెకింగమ్మ చిన్నకోడలితోనే, ఆ మూడో అంతస్తు రెండు గదుల్లోనే ఉంటోంది. కోడలు ఆసుపత్రి లాండ్రీలో రెండో షిఫ్టు చేస్తుంది. మధ్యాహ్నం వెళ్తే అత్తగారు నిద్రపోయాక వస్తుంది. కొడుకు లేని ఇంట్లో కోడలి పంచన ఎందుకని బంధువులు అడుగుతున్నారు. ఆవిణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి పెద్దకొడుకుని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ సాయంత్రాలు ఆ టీవీ తోడుందిలే అని సరిపెట్టుకున్నాననీ, రేపటినుంచి అదీ ఉండదనీ అన్నాడు. తమ ఇంట్లో ఆవిడకి విడిగా గది ఉంది. ఆ గదిలో గోడకి కొత్త టీవీ ఉంది. పెట్టె సర్దుకుంటే చాలు.

పాత టీవీలకి తగిలించే సెట్‌టాప్ బాక్సేదో వచ్చిందటగా అని ఆవిడ అడిగింది. వచ్చిందని ఒప్పుకున్నాడు. దాంతో టీవీలో బొమ్మ వస్తుందనీ ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆ వారం వేరేగా గడిచేది.

"కానీ దాంతో వీసీఆర్‌లో రికార్డు చేసుకోవడం నీ వల్ల కాదమ్మా" అన్నాడు.

రికార్డు ఆ ఇంట్లో చిన్న మాట కాదు. వారంలో ఆరు రోజులు రాత్రి ఎనిమిదింటికి ఏడో చానెల్లో ప్రశ్నల ఆట వస్తుంది. ఆ వేళకి కోడలు లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ ఉంటుంది. అందుకని అత్తగారు వీసీఆర్‌కి టైమర్ పెట్టి టీవీ తెర ఆపేస్తుంది. తను ముందే చూసేసి, పొద్దున కోడలితో పోటీకి కూర్చుంటే టికెట్ లేకుండా ఎక్కినట్టే కదా. తెర నల్లగా ఉంటుంది, కింద వీసీఆర్ తన పని తను చేసుకుపోతుంది. పొద్దున ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టేపు పెట్టుకుంటారు. ప్రశ్న రాగానే టీవీలో వాళ్లకంటే ముందు జవాబు చెప్పాలి. నెగ్గిన ప్రశ్నకొక గుండీ గ్లాసులో పడుతుంది. ఆవిడ గ్లాసు ఆవిడది, కోడలి గ్లాసు కోడలిది. ఎవరి గ్లాసులో గుండీలు తక్కువైతే వాళ్లు మర్నాడు కాఫీ పెట్టాలి. ఆట మొదలయ్యాక ఆఖరి ప్రశ్న దాకా ఎవరూ లేవకూడదు. పాలు పొంగినా సరే. రెండుసార్లు పొంగాయి కూడా.

చిన్నవాడు పోయిన కొత్తలో ఆ ఇద్దరి మధ్య మాటలు లేవు. ఏం మాట్లాడినా అతని దగ్గరికే వెళ్లేది. ఒకరోజు టీవీలో ఏదో ప్రశ్నకి ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. ఇద్దరిదీ తప్పే. ఆ పూట మొదటిసారి దెబ్బలాడుకున్నారు. అప్పటినుంచి బాగానే ఉన్నారు.

ఇదంతా పెద్దకొడుక్కి తెలియదు. తెలిసినా రికార్డు అవుతుందా కాదా అన్నదాంట్లో మార్పేమీ లేదు. "అవుతుంది" అంది తల్లి. కాదన్నాడు. ఎందుకు కాదో చూస్తానంది. ఐతే వచ్చే ఆదివారం వస్తాను, ఒక్క ఆట మొదటి ప్రశ్న నుంచి ఆఖరి ప్రశ్న దాకా టేపు మీద చూపించు, మళ్లీ నీ జోలికి రాను అన్నాడు. చూపించలేకపోతే?

"చూపించలేకపోతే పెట్టె సర్దుకుని నీ కారెక్కుతా" అంది చెకింగమ్మ.

కోడలు అప్పుడు ఇంట్లో లేదు. కూరలు తేవడానికి వెళ్లింది. వచ్చాక అత్తగారు బావగారు వచ్చి వెళ్లారని చెప్పింది, కాఫీ తాగారని చెప్పింది. మిగతాది చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం వార్తలు చదువుతున్నావిడ నోరు తెరిచే ఉండగా బొమ్మ పోయింది. తెర నిండా చుక్కలు, గది నిండా గరగర. చెకింగమ్మ లేచి టీవీ ఆపింది. మెట్లు దిగి కింద షాపులో మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

షాపు ముందు వీధి సగం ఉంది. అందరికీ ఆ సెట్‌టాప్ పెట్టే కావాలి. మెకానిక్ ఇస్త్రీపెట్టె బాగుచేస్తూ తల ఎత్తకుండా అందరికీ గురువారం, గురువారం అంటున్నాడు. ఆవిణ్ణి చూసి మాత్రం తల ఎత్తాడు. ఒకప్పుడు ఆవిడ అతనికీ ఫైను రాసింది. "మీకు మొదటిది ఇస్తాను పెద్దమ్మగారూ" అన్నాడు. వరసలో తన నంబరు ఎంతైతే ఆ నంబరుకే ఇమ్మంది. అలా గురువారం సాయంత్రమైంది.

మెకానిక్ పైకి వచ్చి తీగలు కలిపాడు. మేడ మీది యాంటెన్నా నుంచి వచ్చే తీగ పెట్టెలోకి, పెట్టె నుంచి వీసీఆర్‌లోకి, వీసీఆర్ నుంచి టీవీలోకి. బొమ్మ వచ్చింది. పాతదానికంటే బాగా వచ్చింది, వార్తలావిడ మెడ మీద పుట్టుమచ్చ కూడా కనబడింది. అతను వెళ్తూ వెళ్తూ జాగ్రత్త చెప్పాడు. టీవీ ఎప్పుడూ మూడో నంబరు మీదే ఉండాలి. వీసీఆర్ కూడా మూడు మీదే. ఇకనుంచి చానెల్ మార్చాల్సింది ఈ పెట్టె రిమోట్‌తోనే. పెట్టె ఏది పంపితే ఆ రెండూ దాన్ని మూడో నంబరు మీద అందుకుంటాయి.

"మూడు" అంది చెకింగమ్మ. "అర్థమైంది. నేను రూటు నంబర్లతో బతికినదాన్నే నాయనా."

అర్థమైంది కూడా. కానీ ఎనిమిదయ్యేముందు టైమర్ పెట్టేటప్పుడు ఆవిడ వేలు వీసీఆర్‌లో ఏడు నొక్కింది. ఏళ్ల తరబడి ఏడే నొక్కిన వేలది. దానికి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున టేపు పెడితే మొదటినుంచి చివరిదాకా చుక్కలే. కోడలు నవ్వింది. తమ లాండ్రీలో కొత్త మిషన్లు వచ్చినప్పుడు సూపర్‌వైజరు మూడు రోజులు తెల్లవాటిని నీలంగా ఉతికించాడని చెప్పింది. అత్తగారు నవ్వలేదు. ఆట లేదు కాబట్టి కాఫీ ఎవరు పెట్టాలో తేలలేదు. చివరికి ఇద్దరూ పెట్టారు. ఎవరిది వాళ్లు తాగారు.

ఆ పగలంతా ఆవిడ టీవీ వదల్లేదు. పెట్టెని కనిపెట్టుకుని ఉండాలనుకుంది. పాత సినిమా ఏదో వస్తుంటే చూస్తూ, అయ్యాక ఆ చానెల్లోనే ఇంకోటి వస్తుంటే అదీ చూస్తూ కుర్చీలో కునుకు తీసింది. లేచేసరికి తెర నల్లగా ఉంది. తీగ వదులైందేమో అనుకుంది. రిమోట్ నొక్కితే బొమ్మ వచ్చింది. తీగలు ఓసారి గట్టిగా నొక్కి, ఆ సంగతి అక్కడే మర్చిపోయింది.

రాత్రి వీసీఆర్‌లో మూడు పెట్టింది. పెట్టెలో ఏడు పెట్టింది. నోటితో పైకి చదివి మరీ సరిచూసుకుంది. ఎనిమిదవుతుండగా టీవీ తెర ఆపేసింది. గది వదిలి వెళ్లేముందు అక్కర్లేనివన్నీ ఆపడం ఆవిడకి అలవాటు. లైటు ఆపింది, ఫ్యాను ఆపింది, పెట్టె ఆపింది.

శనివారం పొద్దున టేపు మీద చుక్కలు కూడా లేవు.

ఈసారి మెకానిక్ వచ్చి చూసి తల గోక్కున్నాడు. తప్పు వైరింగులో లేదు. ఇంతకుముందు గాల్లోంచి వచ్చే ప్రసారాన్ని వీసీఆర్ తనే పట్టుకునేది. టీవీ ఆపినా దానికి పట్టింపు లేదు. ఇప్పుడు దానికి కళ్లు లేవు. పెట్టె చూపిస్తేనే చూస్తుంది. పెట్టె ఆపేస్తే నల్లటి గోడని గంటసేపు శ్రద్ధగా రికార్డు చేస్తుంది. "తెర ఆపుకోండి పెద్దమ్మగారూ, పెట్టె మాత్రం ఆపకండి. అసలు దాన్ని ముట్టుకోకండి" అని చెప్పి, మెట్లు దిగబోతూ కోడలితో ఒక మాట అన్నాడు. రేపు కారొస్తుందట కదమ్మా, సామానేమైనా ఉంటే నేను కిందికి దించుతాను అన్నాడు. వీధికి మళ్లీ తెలిసిపోయింది.

కోడలు లోపలికి వచ్చింది. అత్తగారి మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. అటక మీంచి దించి, దుమ్ము దులిపి, గాలికి పెట్టింది ఆవిడ. పందెం ఓడితే వెతుక్కోకుండా ఉండాలని.

ఏమిటిదని అడిగితే అత్తగారు ఉన్నదున్నట్టు చెప్పింది. మాటకి మాట, ఎక్కడా తగ్గించలేదు. కోడలు విన్నంతసేపూ సూట్‌కేసు తాళం తిప్పుతూ నిలబడింది.

"నన్నడిగి కాశారా ఈ పందెం?"

"నా సంగతికి నిన్నడగడం ఏమిటి?"

"ఇందులో నేను లేనా అత్తయ్యా? మీరు కారెక్కితే పొద్దున్నే నేనెవరితో దెబ్బలాడాలి, ఫ్రిజ్‌తోనా?"

మాట ఇచ్చేశాను కదే అంది చెకింగమ్మ. ఇచ్చిన మాట విషయంలో అత్తగారితో వాదించి లాభం లేదని కోడలికి తెలుసు. తాళం వదిలేసి, ఐతే ఇవాళ ఎలా రికార్డు కాదో చూద్దాం పదండి అంది.

షిఫ్టుకి వెళ్లేముందు ఇద్దరూ కలిసి అన్నీ సరిచేశారు. ఒకరు చదివితే ఇంకొకరు చూశారు. టీవీ మూడు. వీసీఆర్ మూడు. టైమర్ ఎనిమిది. పెట్టె ఏడు, ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. ఆ రోజు లాండ్రీలో రెండో షిఫ్టు సాయంత్రం మొదలవుతుంది కాబట్టి తొందర లేదు. నాలుగు దాటాక కోడలు రిమోట్‌తో చానెళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ ఏడుకి తెచ్చి ఆఖరిసారి చూసింది. తర్వాత ఆ రిమోట్‌ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"మీ వేలిని నేను నమ్మను" అంది.

"నేనూ నమ్మను" అంది అత్తగారు.

తెర ఆపేశారు. పెట్టె లైటు చూస్తే చెయ్యి ఊరుకోదని చెకింగమ్మ మూడింటి మీదా కలిపి దుప్పటి కప్పింది. కోడలు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, ముట్టుకోవద్దు అని వేలు చూపించింది.

ఎనిమిదింటికి దుప్పటి కింద టక్కుమని చప్పుడైంది. వీసీఆర్ లేచింది. టేపు తిరుగుతున్న సన్నటి శబ్దం. చెకింగమ్మ గుమ్మంలో నిలబడి వింది. టేపు తిరుగుతోందంటే రికార్డవుతున్నట్టు కాదని ఈ పొద్దునే తెలిసింది. నిన్నా తిరిగింది.

దుప్పటి ఎత్తి టీవీ బటన్ నొక్కితే చాలు. బొమ్మ ఉందా లేదా తేలిపోతుంది. లేకపోతే ఏదో ఒకటి సరిచెయ్యొచ్చు. ఒక్క చూపే, ఒక్క ప్రశ్న కూడా వినక్కర్లేదు. బస్సులో అందరూ ఇలాగే అనేవాళ్లు. ఒక్క స్టాపే కదమ్మా, ఇలా ఎక్కి అలా దిగిపోతాను. ఆవిడ వాళ్లందరికీ ఏం చెప్పిందో ఆవిడకి గుర్తుంది. దుప్పటి కొస దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే పక్కింట్లోంచి ప్రశ్నల ఆట సంగీతం వినబడింది. గోడలు పల్చన. మొదటి ప్రశ్న చెవిన పడేలోపు చెకింగమ్మ వంటింట్లోకి పరుగెత్తి కుళాయి పూర్తిగా తిప్పింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. అయిపోతే బోర్లించినవాటిని తీసి మళ్లీ మొదలుపెట్టింది. తొమ్మిదయ్యేసరికి చేతులు నాని ముడతలు పడ్డాయి. వీసీఆర్ టక్కుమని ఆగింది. ఆవిడ ముందుగదిలోకి వెళ్లకుండా నేరుగా మంచమెక్కి, సూట్‌కేసుకి వీపు పెట్టి పడుకుంది.

ఆదివారం పెద్దకొడుకు చెప్పిన వేళకే వచ్చాడు. కారు కింద ఆపి వచ్చాడు. మరదలు ఎదురొచ్చి, "కూర్చోండి బావగారూ, కాఫీ ఆట అయ్యాకే" అంది. అదేం రూలని అడిగితే, ఇంట్లో రూలంది. గుండీల గ్లాసులు బల్ల మీద పెట్టింది. దుప్పటి తీశారు. చెకింగమ్మ టేపు వెనక్కి తిప్పి, ఆడించే బటన్ మీద వేలు పెట్టి, ఒక్క క్షణం ఆగి నొక్కింది.

సంగీతం వచ్చింది. వెనకే బొమ్మ వచ్చింది. ప్రశ్నలడిగే ఆయన ఎర్ర టై కట్టుకుని వచ్చి నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్లుగా ఆయన్ని చూస్తున్నా ఆయన ఇంత అందగాడని ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

తేనెటీగకి ఎన్ని కళ్లు అని ఆయన అడిగాడు. "ఐదు" అంది కోడలు, ప్రశ్న పూర్తికాకుండానే. గుండీ పడింది. పూర్తికాకుండా చెప్పడం కుదరదని అత్తగారు దెబ్బలాటకి దిగింది. ఎప్పటినుంచి కుదరదని కోడలు అడిగింది. ఇంకో ప్రశ్న వచ్చేసింది. మాటలు ఆపి చెవులు రిక్కించారు. పెద్దకొడుకు సోఫా చివర కూర్చుని ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. తల్లి ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, టీవీని కళ్లతో మింగేస్తోంది. తన ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ అలా కూర్చోగా అతను చూడలేదు. అక్కడ వీపు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, బస్‌స్టాపులో కూర్చున్నట్టు.

మూడు గుండెలున్న ప్రాణి ఏది అన్న ప్రశ్నకి ఇద్దరూ ఆలోచిస్తుండగా, "ఆక్టోపస్" అన్నాడు పెద్దకొడుకు. అన్నాక ఉలిక్కిపడ్డాడు. ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. మీకు గ్లాసు లేదు బావగారూ, గుండీ ఇవ్వలేం అంది మరదలు. అతను నవ్వాపుకున్నాడు.

గుండీలు సమానంగా ఉన్నాయి. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే ముందు గడ్డకడతాయా, తర్వాతా అని అడిగాడు ఎర్ర టై ఆయన. "తర్వాత" అంది అత్తగారు. "ముందు" అంది కోడలు. ఆయన నవ్వి, జవాబు చెప్పబోతూ నోరు తెరిచాడు.

తెర నల్లబడింది.

టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. చెకింగమ్మ ముందుకి తిప్పి చూసింది. నలుపు. చివరిదాకా తిప్పింది. చివరిదాకా నలుపే. కోడలు పెట్టె దగ్గర వంగి చూసింది. ఆకుపచ్చగా ఉండాల్సిన లైటు ఎర్రగా ఉంది. తనంతట తనే ఆగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, రిమోట్ ఇంకా బియ్యంలోనే ఉంది.

"ముట్టుకోకపోతేనే ఆగిపోతుంది" అన్నాడు పెద్దకొడుకు. గొంతులో గెలుపు లేదు, షోరూంలో చెప్పినట్టే చెప్పాడు. నాలుగు గంటలు ఎవరూ ఏ బటనూ నొక్కకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని ఈ పెట్టెలు నిద్రపోతాయి. కరెంటు ఆదా కోసం అలా తయారుచేశారు. మధ్యలో ఒకసారి ఏదో ఒక బటన్ నొక్కాలి.

చెకింగమ్మకి శుక్రవారం కునుకు గుర్తొచ్చింది. "నీకు ముందే తెలుసా?" అంది.

"ఈ పెట్టెలన్నీ ఇంతే అమ్మా."

"మరి చెప్పలేదేం?"

అతను గుండీల గ్లాసుల వైపు చూశాడు. "నువ్వు అడగలేదు" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. లేచింది. లోపలి గది వైపు రెండడుగులు వేసింది. కోడలు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆట మధ్యలో లేవకూడదు అత్తయ్యా. ఆఖరి ప్రశ్న దాకా. అది మీరు పెట్టిన రూలే." బావగారి వైపు తిరిగింది. "ఆ ఆఖరి ప్రశ్న ఈ టేపు మీద లేదు. ఇక ఎప్పటికీ రాదు. కాబట్టి ఈవిడ ఎక్కడికీ రాకూడదు. రూలు రూలే."

చెకింగమ్మ కోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది. ముప్పై ఏళ్లలో ఎందరి దగ్గరో ఎన్నో సాకులు విన్నది. ఇంత తెలివైనది వినలేదు.

"బాగుంది. కానీ దొంగ టికెట్" అంది. "నాకు వద్దు."

కోడలి మొహం పడిపోయింది. చెకింగమ్మ వెనక్కి వచ్చి కొడుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"ఒరేయ్, విను. ఆట పూర్తిగా చూపిస్తానన్నాను, చూపించలేకపోయాను. ఓడిపోయాను. నువ్వు చెప్పలేదు కాబట్టి చెల్లదని అనను. సగం వచ్చింది కదా అని బేరమాడను. ఓడిపోతే నీ కారెక్కుతానన్నాను." అక్కడ ఆగింది. "ఎక్కను."

"అంటే?"

"అంటే మాట తప్పుతున్నాను. వంక ఏమీ లేదు. ఉండాలని ఉంది, ఇక్కడే ఉంటాను. ఇది నా ఇల్లు, ఇది నా కోడలు. దీన్నడక్కుండా దీని పొద్దుటిపూటల్ని పందెం కాసే హక్కు నాకు లేదు. ఆ ముక్క ఆ రోజే తెలియాల్సింది, తెలియలేదు. బంధువులు అడిగితే మా అమ్మ మాట తప్పిన మనిషని చెప్పుకో. నిజమే కాబట్టి నేనేమీ అనుకోను."

కిందనుంచి కారు హారన్ వినబడింది. ఎవరో దారికి అడ్డమని కొడుతున్నారు. పెద్దకొడుకు కదల్లేదు. తల్లి మాట తప్పడం అతను చూడలేదు. మాట తప్పి కూడా టికెట్ అడిగే మనిషిలా నిటారుగా కూర్చోవడం ఎవరి దగ్గరా చూడలేదు.

"టికెట్ లేదు" అంది ఆవిడ. "ఫైను రాయి. నీకు రాసినప్పుడు నేను మొహమాటపడలేదు, నువ్వూ పడకు."

కోడలు గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో వెనకనుంచి చెప్పడం కష్టం.

పెద్దకొడుక్కి కోపం వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. అవన్నీ మొహం మీద వరసగా కనబడ్డాయి. చివరికి ప్రతి ఆదివారం తమ ఇంటికి రావాలన్నాడు. పొద్దున వచ్చి రాత్రి దాకా ఉండాలి. ఆదివారం ఆట రాదు కాబట్టి వంకలు కుదరవు. ఇవాళ్టినుంచే.

"రాత్రి దాకా కుదరదు. సాయంత్రానికల్లా దింపెయ్" అంది. "సోమవారం ఆటకి టేపు ఖాళీ చేసి పెట్టుకోవాలి."

"ఫైను మీద బేరమా?"

ఆవిడకి ఆ దెబ్బ తగిలింది. రాత్రి దాకా ఉంటానంది. కోడలు ఇటు తిరిగి, తనకి కూడా ఆదివారం సెలవేనని గుర్తుచేసింది. కారులో సూట్‌కేసుకి ఉంచిన చోటు ఎలాగూ ఖాళీయే కదా అంది.

వెళ్లేముందు అత్తగారు రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో ఉప్పు కలిపి, ఫ్రిజ్‌లో మంచు కట్టే అరలో పెట్టింది. ఉప్పుది ఏ వైపుందో కోడలికి చూపించి, తర్వాత మారిస్తే ఒప్పుకోనంది. రాత్రి తిరిగొచ్చి చూసేసరికి మంచినీళ్లు రాయిలా ఉన్నాయి, ఉప్పునీళ్లు గ్లాసులో అటూ ఇటూ ఆడుతున్నాయి. గుండీ ఆవిడ గ్లాసులో పడింది.

సోమవారం కోడలు కాఫీ పెట్టింది. రాత్రి ఎనిమిదవుతుండగా చెకింగమ్మ ముందుగదిలోకి వచ్చింది. టీవీ తెర ఆపి ఉంది. పెట్టె లైటు ఆకుపచ్చగా ఉంది. పక్కింట్లో సంగీతం మొదలయ్యేలోపే పని కావాలి. రిమోట్ బియ్యం దులిపి, టీవీ వైపు వీపు పెట్టి నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి శబ్దం తగ్గించే బటన్ ఒకసారి, పెంచే బటన్ ఒకసారి నొక్కింది. పెట్టె మేలుకునే ఉంది. వీసీఆర్ టక్కుమంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.